పర్‌నానీ పేరు ఎవరికైనా గుర్తుందా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే ఖిస్మత్ ఉండాలి. పొద్దున తలుపులు తీయకముందే గేటు దగ్గర బ్యాగులతో, నీళ్ల సీసాలతో పిల్లలు నిలబడి ఉంటారు. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ... ఏ జిల్లా పిల్లలైనా చివరికి తేలేది ఈ అశోక్‌నగర్ గల్లీల్లోనే. హాస్టల్ గదులు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు, గోడల నిండా కోచింగ్ సెంటర్ల పోస్టర్లు. ఆ రీడింగ్ హాల్లో ఒకరోజు నా పక్కన కూర్చున్న అబ్బాయి నా ముందున్న కాగితాల వైపు చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

"మేడమ్, మీరు ఏ ఎగ్జామ్‌కి?"

"ఎగ్జామ్ కాదు బాబూ. నూటపాతికేళ్ల కింద ఆడవాళ్ల కోసం వచ్చిన పత్రికలున్నాయి కదా, వాటి మీద పనిచేస్తున్నా."

కాసేపు ఆలోచించాడు. "మంచిదే మేడమ్. దానికి నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తది?"

నవ్వొచ్చింది. వాడు అమాయకంగా అడిగాడు, నేను నవ్వేసి ఊరుకున్నాను. కానీ అదే సవాల్ మా ఖానదాన్‌లో నాకు ఎన్నోసార్లు ఎదురైంది. "ఇంత మెహనత్ చేస్తున్నావ్, దీంతో ఏం నౌకరీ వస్తది బేటీ?" అని మా ఖాలా అడుగుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆ సవాల్ నన్ను వదిలేసి ఇంకో అమ్మాయి మీదికి పోయింది. మా ఖానదాన్‌లోనే ఒక అమ్మాయి ఎంఏ పూర్తిచేసి, ఇదే పని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంట్లో వద్దంటున్నారు. అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి ఫీజు కడతాం, లేదంటే రిష్తా చూస్తాం, ఈ పాత రిసాలాల పిచ్చి మాత్రం వద్దు అని ఫైసలా చేసేశారు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఈ నాలుగు ముక్కలు ఆ ఇంటి పెద్దల కోసం, అలాంటి పెద్దలున్న మన ఇళ్లన్నిటి కోసం రాస్తున్నాను.

ముందుగా నౌకరీ మాట. నేను అబద్ధం చెప్పను. ఈ పనిలో డబ్బు లేదు. యూనివర్సిటీల్లో ఖాళీలు నింపేది ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఆ ఫిక్ర్ తప్పని నేననను. కానీ మీరు ఆ పిల్లని ఏ పని నుంచి ఆపుతున్నారో ఒకసారి తెలుసుకుని ఆపండి.

1883లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 'సతీహితబోధిని' మొదలుపెట్టారు. తెలుగులో స్త్రీల కోసమే వచ్చిన తొలి పత్రికగా దాన్ని చెబుతారు. పదేళ్లకు, 1893లో మల్లాది వెంకటరత్నం గారు ఇంకో పత్రిక తెచ్చారు. తరవాత దాన్ని రాయసం వెంకటశివుడు గారు నడిపారు. ఆ పత్రిక పేరు తెలుసా? 'తెలుగు జనానా'.

ఆ పేరు మొదటిసారి కేటలాగులో చూసినప్పుడు నేను వేలు దాని మీదే పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను. జనానా! మన ఇళ్లల్లో ఆడవాళ్లుండే భాగానికి మనం వాడే మాట. ఫార్సీ నుంచి ఉర్దూకి, ఉర్దూ నుంచి ఊరూరికీ వచ్చిన మాట. జనానా మిషన్ అంటూ పాదరీలు కూడా వాడుకున్న మాట. అచ్చ తెలుగు పత్రిక, హిందూ సంస్కర్తలు నడిపిన పత్రిక, ఆ మాటనే నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది. మన జబాన్ వేరు, వాళ్ల జబాన్ వేరు అని ఈ రోజుల్లో గొంతు చించుకునే వాళ్లకి ఈ ఒక్క పేరు చూపిస్తే చాలనిపించింది. ఆ రోజు నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి వెళ్లి, నాకు నేనే ఒక చాయ్ దావత్ ఇచ్చుకున్నాను. ఈ పనిలో ఖుషీ అంటే ఇట్లాంటిదే. బయటివాళ్లకి చెబితే "ఇంతేనా?" అంటారు.

ఇప్పుడు ఉర్దూ వైపు రండి. 1880లలో ఢిల్లీ నుంచి 'అఖ్బారున్నిసా' వచ్చింది. తెచ్చింది 'ఫర్హంగె ఆసఫియా' అనే పెద్ద ఉర్దూ నిఘంటువు కూర్చిన సయ్యద్ అహ్మద్ దెహ్లవీ. ఆ నిఘంటువు పేరులో 'ఆసఫియా' మన ఆసఫ్‌జాహీ నిజాం సర్కారు చలవే. ఇక మన హైదరాబాద్‌లోనే మౌల్వీ ముహిబ్బె హుసేన్ 'ముఅల్లిమె నిస్వాన్' నడిపారు. ఆడపిల్లల తాలీమ్ కావాలని, పర్దా పేరుతో వాళ్లని నాలుగు గోడల మధ్య మూసిపెట్టడం సరికాదని ఆ కాలంలోనే, ఈ షెహర్‌లోనే అచ్చులో రాసిన మనిషి.

1898 జులైలో లాహోర్ నుంచి 'తహ్జీబె నిస్వాన్' వచ్చింది. ఎడిటర్ ముహమ్మదీ బేగం. ఉర్దూలో ఒక పత్రికకి ఎడిటర్‌గా కూర్చున్న తొలి ముస్లిం ఖాతూన్ ఆమేనంటారు. ఆమె షౌహర్ సయ్యద్ ముంతాజ్ అలీ ఎవరు? ఇంగ్లీషు చదువులు చదివి దీన్ మర్చిపోయిన మనిషి కాదు. దేవ్‌బంద్‌లో చదువుకున్న ఆలిమ్. ఔరతుల హుఖూఖ్ గురించి ఖుర్‌ఆన్, హదీసుల ఆధారంగానే 'హుఖూఖె నిస్వాన్' అని కితాబ్ రాశాడు. దాన్ని సర్ సయ్యద్‌కి చూపిస్తే, అంతటి సర్ సయ్యదే కోపం తెచ్చుకుని అచ్చు వేయొద్దన్నాడంటారు. ఆయన ఇంతెఖాల్ అయ్యాక 1898లోనే ఆ కితాబ్ బయటికొచ్చింది.

ఈ ఖిస్సా నేను ఎందుకు చెబుతున్నానంటే, "ఆడవాళ్ల హక్కుల మాట బయటినుంచి వచ్చింది, మన మజ్హబ్‌లో లేదు" అని మన జల్సాల్లో కొందరు చెబుతుంటారు. బయటివాళ్లు కూడా "మీ ఔరతులకి నోరే లేదు కదా" అంటుంటారు. ఇద్దరికీ జవాబు ఆ పాత వరఖుల్లో ఉంది. ఆ వరఖులు చదవగలిగే వాళ్లు మన ఇళ్లల్లో లేకపోతే జవాబు ఎవరు చెప్పాలి?

ముహమ్మదీ బేగం పని సాఫీగా ఏమీ సాగలేదు. మొదట్లో చందాదారులు వందమంది కూడా లేరు. పెద్దమనుషుల ఇళ్లకి ఉచితంగా పంపిన సంచికలు చాలావరకు తిరుగుటపాలో వచ్చేవి. కొన్నిటి మీద గాలీలు రాసి మరీ పంపేవారు. ఆమె ఆపలేదు. పత్రికతోపాటు ఇల్లు నడిపే పద్ధతుల మీద, మర్యాదల మీద, వంటల మీద కూడా కితాబులు రాసింది. 1908లో చిన్న వయసులోనే పోయింది. ఆమె కొడుకు ఇమ్తియాజ్ అలీ తాజ్ పెద్దయ్యాక 'అనార్కలీ' నాటకం రాశాడు. అనార్కలీ కథ సినిమాల్లో చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనవాళ్లలో, ఆ నాటకం రాసినవాడి అమ్మీ గురించి ఎంతమందికి తెలుసు?

ఈ రిసాలాలు చదువుతుంటే నన్ను ఎక్కువగా ఆపేసేది వ్యాసాలు కాదు, వ్యాసం కింద ఉండే సంతకాలు. ఆ కాలపు షరీఫ్ ఇళ్లల్లో ఔరత్ పేరు బయటికి రావడమే బేఇజ్జతీ అనుకునేవారు. అందుకని ఫలానా వారి బేటీ, ఫలానా వారి హమ్‌షీరా, ఫలానా సాహెబ్ అహ్లియా అని రాసుకునేవారు. ఖుర్రతుల్ ఐన్ హైదర్ తల్లి నజర్ సజ్జాద్ హైదర్ తొలిరోజుల్లో 'బింతె నజరుల్ బాఖర్' అనే పేరుతోనే రాసింది. అంటే నజరుల్ బాఖర్ గారి అమ్మాయి, అంతే. జాహిదా ఖాతూన్ షేర్వానియా గొప్ప షాయరా. ఆమె కవితలు 'జే ఖే షీన్' అనే మూడు అక్షరాల కింద వచ్చేవి. ఇక కొన్ని పత్రికల్లో ఆడపేర్లతో మగవాళ్లే రాశారు కూడా. కాబట్టి సంతకం చూడగానే ఖుష్ అయిపోకూడదు. ఎవరి బేటీ, ఏ ఊరు, నిజంగా ఆమేనా అని సంచిక వెంట సంచిక వెతకాలి. నెల రోజులు వెతికితే ఒక్క పేరు తేలొచ్చు, తేలకపోవచ్చు. తేలినరోజు ఇంటికొచ్చి రెండు రకాత్‌లు షుక్రానా నమాజ్ చదువుకుంటాను.

ఒకసారి ఇలా ఎవరో 'హమ్‌షీరా' గురించి వెతుకుతూ ఉంటే నాకొక మాట తట్టింది. మరి మా నానీ వాళ్ల అమ్మ పేరేంటి? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అమ్మీకి ఫోన్ చేశాను. అమ్మీకీ తెలీదు. "మేమంతా పర్‌నానీ అనే పిలిచేవాళ్లం బేటా, పేరెందుకు?" అంది. మామూ దగ్గర ఖానదాన్ షజ్రా ఉంటే తెప్పించి చూశాను. ఏడు తరాల మగవాళ్ల పేర్లున్నాయి. ఒక్క ఔరత్ పేరు లేదు. లాహోర్‌లో, ఢిల్లీలో నూటపాతికేళ్ల కింద పోయిన వాళ్ల పేర్లు వెతుకుతున్న నాకు నా సొంత పర్‌నానీ పేరు తెలియలేదు. సిగ్గేసింది.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. నల్లగొండలో మా నానీ ఇల్లు అమ్మేటప్పుడు ఒక ఇనప సందూఖ్ బయటపడింది. అందులో దుప్పట్ల కింద పాత ఉర్దూ రిసాలాలు ఉన్నాయి. అట్టలు ఊడిపోయాయి, అంచులు దీమక్ తినేసింది. అప్పటికి నాకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. మన తెలుగు మీడియం పిల్లలందరి హాలత్ అదే కదా. అరబీ ఖుర్‌ఆన్ చదువుతాం, తెలుగు పేపర్ చదువుతాం, మధ్యలో ఉన్న ఉర్దూ మాత్రం అచ్చులో కనబడితే తల తిప్పుకుంటాం. "ఇవి ఏం చేయాలి?" అని మామూ అడిగితే, "రద్దీకి వేసేయండి" అని చెప్పింది నేనే. పాత పేపర్లాయన తూకం వేసి తీసుకుపోయాడు. అవి ఏ రిసాలాలో, మా నానీ వాటిని ఎందుకంత భద్రంగా దాచుకుందో, ఇక ఎప్పటికీ తెలియదు. ఆ తరవాతే ఒక ఉస్తానీ దగ్గర కూర్చుని, ముప్పై అయిదేళ్ల వయసులో అలిఫ్, బే నేర్చుకున్నాను. ఈ పని నాకు మొదట్లో షౌఖ్ కాదు, కఫ్ఫారా.

కితాబులు దక్కించుకున్న వాళ్లూ మన షెహర్‌లోనే ఉన్నారు. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన జిందగీ అంతా ఉర్దూ పుస్తకాలు, పాత రిసాలాలు పోగుచేశారు. పెద్ద జమీందారీ ఏమీ కాదు, షౌఖ్ ఒక్కటే ఆస్తి. ఆ జఖీరా తరవాత చిక్కడపల్లికి పక్కనే ఉన్న బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. 2000 ఆగస్టు వరదల్లో అక్కడికి నీళ్లొచ్చి ఎన్నో పుస్తకాలు తడిసిపోయాయి. వాటిని ఆరబెట్టి, కాపాడటానికి చాలామంది చేతులు పడ్డాయి. కమ్యూనిస్టు నాయకుడి పేరున్న భవనంలో ఉర్దూ అదబ్ భద్రంగా ఉండటం హైదరాబాద్‌కే చెల్లింది. నారాయణగూడ వైపు పోతే మాడపాటి హనుమంతరావు గారు 1928లో పెట్టిన ఆడపిల్లల బడి గుర్తొస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగులో ఆడపిల్లలకి చదువు చెప్పాలని పట్టుబట్టిన ఆయనే ఉర్దూ, ఫార్సీ బాగా చదువుకున్న మనిషి. ప్రేమ్‌చంద్ కథల్ని తెలుగులోకి తెచ్చారు. అఫ్జల్‌గంజ్ దాకా పోతే ఆసఫియా లైబ్రరీ, 1891 నాటిది. దాని వెనక ఉన్నది సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ. ఆయన బేటీ తయ్యిబా బేగం డిగ్రీ దాకా చదివి, ఉర్దూలో నావెల్ రాసింది. రెండు జబాన్‌లు ఒకే సడక్ మీద నడిచిన షెహర్ ఇది. ఇప్పుడా రెండూ చదవగలిగే వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టాలి.

నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఇదే. తెలుగు పత్రికల మీద పనిచేసే స్కాలర్లు ఉన్నారు, వాళ్లకి ఉర్దూ రాదు. ఉర్దూ రిసాలాల మీద పనిచేసే స్కాలర్లు ఉన్నారు, వాళ్లకి తెలుగు రాదు. 'తెలుగు జనానా'నీ, 'తహ్జీబె నిస్వాన్'నీ ఒకే బల్ల మీద పెట్టి చదవాలంటే ఎవరు కావాలి? మన పిల్లలే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు అని ఎన్నాళ్లూ దాన్ని మనం ఐబ్‌లాగా చూసుకున్నాం. ఇటు వాళ్లు మన తెలుగుని వెక్కిరించారు, అటు పాతబస్తీ రిష్తేదార్లు మన ఉర్దూని వెక్కిరించారు. ఈ పనికి మాత్రం ఆ రెండు నాలుకలే అసలు ఖాబిలియత్.

"ఆ పత్రికల్లో ఏముంది? మగవాళ్లు ఆడవాళ్లకి చెప్పిన సుద్దులే కదా" అని ఒక చదువుకున్న బంధువు నాతో వాదించాడు. అందులో కొంత సచ్చాయీ ఉంది. తొలి పత్రికల్లో నసీహత్‌లే ఎక్కువ. షౌహర్‌ని ఎలా చూసుకోవాలి, అత్తమామలతో ఎలా మెలగాలి, పిల్లల్ని ఎలా పెంచాలి. కానీ ఆడవాళ్లకి ఒకసారి అక్షరం చేతికిచ్చాక ఇచ్చినవాళ్ల మాటే వింటూ కూర్చోరు. జవాబులు రాయడం మొదలుపెడతారు. తెలుగులో 1902లో 'హిందూ సుందరి' వచ్చింది. ఆ ఏడాదే అందులో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ వచ్చింది. తెలుగులో తొలి కథ అదేనని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక ఇంగ్లీషు మహిళా పత్రికలో బెంగాల్ ముస్లిం ఖాతూన్ రుఖయ్యా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అచ్చయింది. ఆడవాళ్లు రాజ్యమేలుతుంటే మగవాళ్లు జనానాలో కూర్చునే ఖ్వాబ్ అది. ఆ పత్రిక ఎడిటర్ కమలా సత్తియనాథన్, రాజమండ్రిలో పుట్టిన తెలుగు క్రైస్తవురాలు. బెంగాలీ ముస్లిం ఖలం, తెలుగు ఎడిటర్ చేయి, మద్రాసు అచ్చు. ఇదంతా సుద్దులేనా?

అయితే నాకు ఒక బాధ ఉంది, దాచను. తెలుగు పత్రికలు తిరగేస్తే అందులో చదువరి హిందూ ఇల్లాలు. ఉర్దూ రిసాలాలు తిరగేస్తే అందులో చదువరి పెద్ద హవేలీ షరీఫ్ జాదీ. మరి మన దాదీలు ఎక్కడ? బీడీలు చుట్టిన వాళ్లు, దూది ఏకిన వాళ్లు, మగ్గం పక్కన కూర్చున్న వాళ్లు, గాజుల మలారం మోసిన వాళ్లు, తెలుగులో బేరమాడి ఉర్దూలో దువా చేసిన వాళ్లు? నేను చూసిన సంచికల్లో వాళ్ల కోసం రాసిన పేజీ ఇంకా కనబడలేదు. ఉర్దూలో వాళ్లు తక్కువ, తెలుగులో వాళ్లు పరాయి. ఆ ఖాళీని కూడా ఎవరో ఒకరు కళ్లు పెట్టి చూసి, ఇక్కడ ఖాళీ ఉందని రాయాలి. ఆ ఖాళీ ఎవరిదో తెలిసిన పిల్లే ఆ పని చేయగలదు. మా ఖానదాన్ పిల్ల ఇంట్లో అడిగింది కూడా ఇదే. "దాదీ గురించి ఎవరూ ఎందుకు రాయలేదు?" అంది. ఆ సవాల్‌కి కోచింగ్ సెంటర్‌లో జవాబు దొరకదు.

అందుకని పెద్దలకి నా గుజారిష్ మూడే మూడు.

ఒకటి, ఇల్లు మార్చినా అమ్మినా, సందూఖ్‌లో ఉర్దూ కాగితం కనబడితే రద్దీకి వేయకండి. మీకు చదవడం రాకపోతే చదవగలిగే వాళ్లకి చూపించండి. నా తప్పు మీరు చేయకండి.

రెండు, మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉంటే ఈ జుమా రోజునే కూర్చోబెట్టి, ఆమె అమ్మ పేరు, నానీ పేరు, దాదీ పేరు అడిగి రాసుకోండి. ఫలానా వారి అహ్లియా అని రాయకండి. ఆమె పేరే రాయండి. షజ్రా ఉంటే అందులో చేర్చండి.

మూడు, పిల్ల చదువుకుంటానంటే చదవనివ్వండి. గ్రూప్స్ రాయడం మంచిదే, అందరూ రాయనీ. మన పిల్లల్లో ఆఫీసర్లు రావాలి. కానీ పదిమందిలో ఒక్కరు ఈ పాత వరఖుల దగ్గర కూర్చుంటే ఖానదాన్ ఏమీ మునిగిపోదు. ఫీజులు కట్టలేకపోతే చెప్పండి, తెలిసినవాళ్లం కొంతమంది కలిసి ఆలోచిద్దాం. ఉర్దూ చదవడం నేర్పమంటే ఇతవారం నాడు నేనే నేర్పుతాను.

పర్‌నానీ పేరు సంగతి చెప్పడం మర్చిపోయాను. చివరికి మా నానీ వాళ్ల చిన్న చెల్లెలు చెప్పింది. తొంభై దగ్గరపడుతున్న మనిషి, మిర్యాలగూడలో ఉంటుంది. పేరు అడిగితే ముందు సిగ్గుపడింది. తరవాత పక్కన మగవాళ్లెవరూ లేరని చూసుకుని, మెల్లగా చెప్పింది. నేను రాసుకున్నాను. మా షజ్రాలో అది మొదటి ఔరత్ పేరు.

చిక్కడపల్లి లైబ్రరీలో ఆ అబ్బాయి మళ్లీ కనబడితే చెబుతాను, నోటిఫికేషన్ పడింది బాబూ అని.

అల్లాహ్ మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇవ్వాలి. ఖుదా హాఫిజ్.